కోడికి కుట్టిన చొక్కా

కూతురి కాన్పుకు సాయం వెళుతూ అత్తగారు ఇంటి తాళాలు కొడుక్కీ, పెరట్లోని నాలుగు కోళ్లను కోడలికీ అప్పగించింది. తాళాలకు అర నిమిషం పట్టింది, కోళ్లకు అరగంట. మేత ఎప్పుడు వేయాలి, నీళ్లు ఎక్కడ పెట్టాలి, గూటి తలుపుకు గొళ్లెం ఎలా బిగించాలి, అన్నీ చెప్పి, గుమ్మం దాటాక మళ్లీ వెనక్కి వచ్చింది.

"నేనొచ్చేసరికి నాలుగూ ఉండాలమ్మాయ్."

కోడలు టైలరు. ఊళ్లో వాళ్ల కొలతలన్నీ ఆమెకు నోటికి వచ్చు గానీ, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కకు జరిపే హక్కు, కోళ్ల గూటి దగ్గరికి వెళ్లే హక్కు మాత్రం పెళ్లయిన ఆరేళ్లుగా లేవు. అలాంటిది అత్తగారే తన ప్రాణం లాంటి కోళ్లను ఆమె చేతిలో పెట్టింది. ఈ ఒక్క విషయంలో మాట పడకూడదని కోడలు గట్టిగా అనుకుంది.

పది రోజులైనా కాకముందే మహారాణికి ఈకలు రాలడం మొదలైంది. మహారాణి అంటే ఎర్ర కోడి, మిగతా మూడూ తెల్లవి; నాలుగింట్లోకీ అదే పెద్దది, అత్తగారి గారాల పట్టి. వారం తిరిగేసరికి మెడ, వీపు, తోక అన్నీ బోసిపోయాయి. గుడ్లూ మానేసింది. పెరడంతా ఈకలే. తను ఏం పెట్టకూడనిది పెట్టిందో, ఏ జబ్బు తగిలిందో తెలియక కోడలికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

రోజూ సాయంత్రం అత్తగారు ఫోన్ చేసేది.

"కోళ్లెలా ఉన్నాయి?"

"బాగున్నాయి అత్తయ్యా."

అంతే, టక్కున పెట్టేసేది. నువ్వెలా ఉన్నావన్న మాట పొరపాటున కూడా ఆ నోట వచ్చేది కాదు. మొదట్లో కోడలు దానికి లోలోపల ఉడుక్కునేది. ఇప్పుడు మాత్రం ఎంత త్వరగా పెట్టేస్తే అంత మేలనిపించేది.

ఒంటి మీద ఏమీ లేని ప్రాణి కనబడితే టైలరు ఏం చేస్తుంది? టేపు తీస్తుంది. మెడ చుట్టుకొలత, ఛాతీ, రెక్కల చంకలు అన్నీ రాసుకుని, ఎవరిదో గౌను కత్తిరించగా మిగిలిన పూల గుడ్డతో మహారాణికి చొక్కా కట్ చేసింది. తొడిగి చూశాక మిషన్ మీద కుడదామని ముందు కచ్చా కుట్టు వేసింది. ఒక్క లాగుకు ఊడివచ్చే పొడుగాటి చేతికుట్లన్నమాట. ఆ తర్వాత పని మీద పడి మిషన్ సంగతే మరిచిపోయింది.

బస్సు డ్రైవరైన మొగుడు చూసి నోరు తెరిచాడు. "కోడికి చొక్కానా? నా చొక్కా బొత్తాం ఊడి పది రోజులైందే!"

"మీరేమన్నా గుడ్లు పెడతారా?" అంది.

చొక్కా వేసుకున్న మహారాణి ముడుచుకుని ఓ మూల నిలబడింది. ముట్టుకోబోతే కీచుమని అరిచింది. కొత్త బట్టకు బెట్టు చేస్తోందనుకుంది కోడలు. మర్నాడు గోడ కింద కన్నం దగ్గర గుప్పెడు ఈకలు కనబడితే, అవీ మహారాణివే అనుకుని ఊడ్చేసింది. అవి తెల్లవి. మహారాణి ఎర్రది. దారం రంగు ఒక్క పిసరు తేడా వచ్చినా పట్టేసే కళ్లు ఆ రోజు ఎటు పోయాయో!

ఆ మధ్యాహ్నం మిషన్ తొక్కుతుంటే పెరట్లో గోల లేచింది. కన్నంలోంచి ముంగిస దూరింది. మూడు కోళ్లు గోడెక్కేశాయి. మహారాణి రెక్కలు కొట్టుకుంది గానీ చొక్కా చంకలు బిగుతు, ఒళ్లు లేవలేదు. ముంగిస దాని వీపు మీద పంటి పట్టు పట్టి లాగింది. కోడలు చేతికందిన కర్ర స్కేలుతో ఉరికి, రెండో చెయ్యి మధ్యలో పెట్టేసింది. ముంగిస ఆ చేతిని గోళ్లతో గీరేసింది గానీ నోట్లోది మాత్రం వదల్లేదు. ఇంతలో కుట్లన్నీ పటపటా ఊడిపోయాయి. ముంగిస పూల చొక్కాను కరుచుకుని కన్నంలోంచి పారిపోయింది.

పంటిగాటు గుడ్డకే పడింది, కోడికి పడలేదు. కోడలు దాన్ని ఒళ్లో పెట్టుకుని భోరుమని ఏడ్చింది.

కన్నానికి ఇటుకలు పేర్చి, ఆసుపత్రిలో సూది వేయించుకుని, చేతికి కట్టుతో ఇల్లు చేరేసరికి ఫోన్ మోగింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. ఈకల దగ్గర్నుంచి చేతి కట్టు దాకా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"పిచ్చిదానా, అది ఏటా ఈకలు రాలుస్తుంది. నెలలో మళ్లీ వస్తాయి. అన్నీ చెప్పి ఆ ఒక్కటీ చెప్పలేదు నేను" అంది అత్తగారు. "కొత్త ఈకలు ములుకుల్లా పొడుచుకొస్తుంటే గుడ్డ రాసుకున్నా ఓర్చుకోలేదమ్మా అది. దాన్ని ముట్టుకోకు. మేతలో ఇన్ని ఎండుచేపలు వెయ్యి, చాలు."

మహారాణి ఎందుకు కీచుమందో కోడలికి అప్పుడు తెలిసింది. దాని మొహం చూడాలంటేనే సిగ్గేసింది.

మర్నాడు సాయంత్రం, అదే వేళకు, ఫోన్.

"ఎలా ఉన్నావే?"

"బాగున్నాయి అత్తయ్యా. ఎండుచేపలు కూడా తిన్నాయి."

"కోళ్ల గురించి కాదే, నీ గురించి అడిగాను."

కోడలు ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అవతల అత్తగారు ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉంది.