చంక కింద ఆకుపచ్చ కుట్టు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ హాల్లోకి అడుగు పెట్టగానే ఎడమ చేతి వైపు ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో ఒకే ఒక్క నీలం జెర్సీ, పదిహేనో నెంబరు. దాని కింద ఇత్తడి రేకు మీద లైల్ ప్రూయెట్ అని పేరు చెక్కారు. పేరు కింద 1974 మార్చి, దాని కింద స్కోరు, 71-70. మా ఊరి పిల్లలకి ఎక్కాల కన్నా ముందు ఆ స్కోరు వస్తుంది.

ఆ జెర్సీ నాది.

నాలుగేళ్ళు వేసుకున్నాను దాన్ని. లైల్ వేసుకున్నది ఒక్క రోజు. ఆ ఒక్క రోజే మా ఆరువందల మంది పిల్లలున్న కాలేజీ, ఒక్కో హాస్టల్లోనే ఆరువందల మంది ఉండే పెద్ద యూనివర్సిటీని ఓడించింది. దాంతో ఆ నెంబరు ఇక ఎవరికీ ఇవ్వకూడదని తీర్మానించి, అది రాసిన గుడ్డొకటి లైల్ పేరుతో హాలు పైకప్పుకి వేలాడదీశారు. నేను ఎప్పుడు ఆట చూడ్డానికెళ్ళినా అది నా నెత్తి మీదే ఉంటుంది.

అదైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆ కుట్టు. అద్దంలోంచి చూస్తే జెర్సీ కుడి చంక కింద ఆకుపచ్చ దారంతో వేసిన కుట్టు జానెడు పొడుగున కనిపిస్తుంది. బళ్ళ నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన పంతులమ్మలు దాన్ని వేలితో చూపించి, లైల్ వాళ్ళ నాయనమ్మ మనవడికి అదృష్టం పట్టాలని ఆకుపచ్చ దారంతో కుట్టిందర్రా అని చెబుతారు. లైల్ ఎప్పుడో ఒక పేపరువాడికి చెప్పిన కోత అది. కుట్టింది మా అమ్మ, ఓపల్ హఫ్‌మన్. ఇంట్లో నీలం దారం అయిపోతే, ట్రాక్టరు సీటు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ దారంతో లాగించింది. అదృష్టమూ లేదు, వంకాయా లేదు.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. మా జట్టులో రింగులోకి బంతి వేసేవాడు లైల్. వాడికి ఇచ్చేవాణ్ణి నేను. మా కోచ్ ఆర్లిస్ స్టౌట్ మొదటి ఏడాదే నా భుజం మీద చెయ్యేసి చెప్పాడు. "డ్వేన్, నువ్వు అవతలివాడికి అడ్డుపడు. బంతి లాక్కో. లైల్‌కివ్వు. రింగు వైపు మాత్రం చూడకు." చూడలేదు. నాలుగేళ్ళలో నేను రింగులోకి విసిరింది పంతొమ్మిది సార్లు, ఆ పంతొమ్మిదీ నాకిప్పటికీ గుర్తే.

పెద్ద యూనివర్సిటీతో ఆటకి ముందు లూయివిల్ నగరంలో బట్టలు మార్చుకునే గదిలో ఉన్నాం. లైల్ సంచీ బోర్లించి దులిపి, మొహం వేలాడేశాడు.

"కోచ్, జెర్సీ ఇంటి దగ్గర మర్చిపోయా."

కోచ్ చెత్తబుట్టని ఒక్క తన్ను తన్నాడు. లైల్‌ని వాడి ఏడు తరాలతో సహా తిట్టాడు. తర్వాత గదంతా కలియజూసి నా దగ్గర ఆగాడు. అదనపు జెర్సీలు కొనే స్తోమత మా కాలేజీకి లేదు, మనిషికొకటే.

"డ్వేన్, విప్పు."

విప్పాను. లైల్ తలకి తగిలించుకుంటూ, "ఆట అయిపోగానే ఇచ్చేస్తారా, ఒట్టు," అన్నాడు. నేను చొక్కా మీద కోటేసుకుని బెంచీ చివర కూర్చున్నాను. నా ఆఖరి ఏడాదిలో అది ఆఖరి వారం. లైల్ మొదటి సగంలోనే ఎనిమిది వేశాడు. వాడి ముందు నిలబడాల్సినవాడు రెండు బారల దూరంలో చేతులు దించుకుని చూస్తూ ఉండిపోయాడు. అంత పెద్ద జట్టులో ఇంత మొద్దు ఎలా చేరాడబ్బా అనుకున్నాను నేను. గెలిచాక ఆచారం ప్రకారం నిచ్చెన వేసి, ఒక్కొక్కరే ఎక్కి రింగు వల నుంచి ఒక్కో పోగు కత్తిరించుకున్నారు. జెర్సీ లేనివాణ్ణి కదా, నేను నిచ్చెన పట్టుకున్నాను.

మా ఇంట్లో జరిగింది నాన్న చాలా ఏళ్ళకి గానీ చెప్పలేదు. మా టీవీలో ఎప్పుడూ బొమ్మల కన్నా చుక్కలే ఎక్కువ. మొహాలు తెలియవు, నెంబర్లు మాత్రం తెలుస్తాయి. పదిహేనో నెంబరు మొదటి బంతి వేయగానే అమ్మ ఎగిరి గంతేసిందట. రెండోది వేయగానే పరుగెత్తుకెళ్ళి పక్కింటి వాళ్ళని, ఆ పక్క వాళ్ళని పిలుచుకొచ్చిందట.

"చూడండి, మావాడు! నేను చెప్పలా, వాడికి వెయ్యనిస్తే వేస్తాడని!"

టీవీలో ఆట చెప్పేవాడు ప్రూయెట్, ప్రూయెట్ అని అరుస్తున్నాడు. "వాడికి పేర్లు తెలిసి చావవు," అందట అమ్మ. పక్కింటావిడ నాన్న వైపు చూసి తల దించుకుందట. ఆట అయ్యేదాకా అమ్మ నిలబడే చూసింది. తర్వాత జట్టంతా గుమిగూడినప్పుడు కోటేసుకుని చివర్లో నిలబడ్డ నన్ను దగ్గరగా చూపించారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ కాఫీ పెట్టిందట. పోయేదాకా ఆ రోజు ఊసెత్తలేదు. ఇది విన్న రోజు నేను ఇంటి వెనక్కి వెళ్ళి పసిపిల్లాడిలా ఏడ్చాను.

లైల్ ఆ ఒక్క ఆటతో ఊళ్ళో బీమా ఆఫీసు తెరిచాడు. దాని బోర్డు మీద కూడా పదిహేనే. నేను దాణా మిల్లులో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేశాను. జెర్సీ నాది అని మా ఇంట్లో తప్ప ఎవరితోనూ అనలేదు. అంటే ఏమంటారో తెలుసు. ఇంకా ఆ పాత బట్టల గోలేంటయ్యా అంటారు.

మొన్న మార్చిలో యాభై ఏళ్ళ పండుగ చేశారు. మిగిలిన ఏడుగురం వచ్చాం. కోచ్ పోయి చాలా కాలమైంది. అచ్చేసిన కాగితంలో నా పేరు ఎదురుగా 'మేనేజరు' అని ఉంది. మేనేజరంటే తువాళ్ళు అందించేవాడు. నా భార్య నార్మా ఆ కాగితం చూసి పటపటా పళ్ళు కొరికింది.

"ఇవాళైనా అడుగుతావా, లేక యాభై ఏళ్ళూ నన్ను సాధించినట్టే ఇంకా సాధిస్తావా?"

"అడుగుతాలే."

"ఏమని?"

"నాకేం చప్పట్లొద్దు నార్మా. ఆ కుట్టు మా అమ్మదని ఒక్క మాట చాలు. మైకులో, ఊరంతా వినాలి."

మధ్యాహ్నం భోజనాల దగ్గర, బన్నులోంచి బయటికి వేలాడుతున్న పంది మాంసం ముక్క కొరుకుతూ లైల్ దొరికాడు. జుట్టుకి ఇంకా రంగేస్తున్నాడు.

"ఏరా డ్వేనూ! ఇంకా ఉన్నావురా నువ్వు!"

"నా జెర్సీ తిరిగిచ్చేదాకా పోకూడదనుకున్నా."

నోట్లో ముక్క ఆగిపోయింది వాడికి. నేను తగ్గలేదు. చంక కింద కుట్టు సంగతి, ఆ రోజు టీవీ ముందు అమ్మ పడ్డ సంబరం, పక్కింటివాళ్ళు తల దించుకోవడం అన్నీ చెప్పాను. లైల్ ముక్క పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెప్పుడూ అడగలేదేంట్రా?"

"నువ్వెప్పుడూ ఇవ్వలేదేంట్రా?"

"సరే. ఇవాళ మైకు నా చేతికే ఇస్తున్నారు. నిజం చెప్పేస్తా. మొత్తం చెప్పేస్తా, చూడు."

వాడి కళ్ళు తడిశాయి. ఆ తడి నాటకం కాదు, అది మాత్రం ఇప్పటికీ ఒప్పుకుంటాను. యాభై ఏళ్ళ బరువు దిగిపోయినట్టనిపించింది నాకు. వెళ్ళి నార్మాకి చెబితే ఆవిడ నా టై సరిచేసింది.

సాయంత్రం ఆట మధ్య విరామంలో మమ్మల్ని కోర్టు నడిమధ్య వరసగా నిలబెట్టారు. హాలు కిటకిటలాడుతోంది. లైల్ మైకు అందుకున్నాడు.

"మా నాయనమ్మ దారం గురించి నేను యాభై ఏళ్ళుగా కోతలు కోస్తున్నా. మా నాయనమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు!"

జనం నవ్వారు.

"ఆ జెర్సీ నాది కాదు. ఇదిగో, ఇక్కడున్న డ్వేన్ హఫ్‌మన్‌ది!"

చప్పట్లు. ముందు వరసలో నార్మా లేచి నిలబడింది. ఇంకొక్క మాట అనరా లైల్, అమ్మ పేరు అనరా అని లోపల దణ్ణం పెట్టుకున్నాను.

"అది నా ఒంటి మీదికి ఎలా వచ్చిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేనూ కోచే ఎరుగుదుం. మా ముందటి రెండు ఆటలూ చూసి రాసుకుపోవడానికి ఆ యూనివర్సిటీ వాళ్ళు ఒక మనిషిని పంపారు. అతగాడు రాసిన కాగితం ఒకటి బెంచీ కింద పారేసుకున్నాడు. అది మా కోచ్‌కి దొరికింది. అప్పట్లో మా మొహాలు వాళ్ళకేం తెలుసు? నెంబర్లే తెలుసు. పదిహేను ఎదురుగా ఏం రాశాడో చెప్పమంటారా? 'ఇతనికి వెయ్యడం రాదు. దూరంగా ఉండి మిగతావాళ్ళకి సాయం వెళ్ళండి!'"

హాలు గొల్లుమంది.

"బస్సు దిగేముందు కోచ్ నా చెవిలో చెప్పాడు. 'లైల్, నీ జెర్సీ సీటు కిందే వదిలెయ్. లోపలికొచ్చి మర్చిపోయానను. నేను తిడతాను, పడు.' పడ్డా! ఆయన చెత్తబుట్ట తన్నాడు చూడండీ, సినిమాలో చేరాల్సిన మనిషి! వాళ్ళు గుర్తుపట్టేసరికి నేను ఎనిమిది వేసేశా. దేశం మొత్తం వెతికినా మా డ్వేన్‌ది కన్నా పనికిమాలిన నెంబరు దొరికేది కాదు! చెయ్యూపరా డ్వేనూ! నీకు వెయ్యడం రాకపోబట్టే కదరా మనం గెలిచాం!"

హాల్లో జనమంతా లేచి నిలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ప్రేమగానే కొట్టారు. లైల్ నన్ను కావలించుకుని, "చూశావా, చెప్పా!" అన్నాడు చెవిలో. పాపం, వాడికి తెలియదు. అడిగింది ఇచ్చేశానని పొంగిపోతున్నాడు. అమ్మ సంగతి మర్చిపోయాడంతే, నవ్వుల్లో పడి.

నేను కుడి చెయ్యెత్తి ఊపాను.

ఆ చెయ్యి గాల్లో ఉండగానే అన్నీ వరసగా అర్థమయ్యాయి. లైల్ ముందు చేతులు దించుకుని నిలబడ్డవాడు మొద్దు కాదు. వాడికి నా గురించి చెప్పారు. నాలుగేళ్ళు రింగు వైపు చూడొద్దని నన్ను ఆపినవాడే, చూడనివాడి జెర్సీ కావాలని ఏరుకుని మరీ విప్పించాడు. ఇన్నేళ్ళూ నాది ఖర్మ అనుకున్నాను. లైల్ మతిమరుపు నా ఖర్మ అనుకున్నాను. ఖర్మ కాదు, లెక్కేసి చేసింది. కోచ్ చచ్చిపోయి బతికిపోయాడు.

బయటికొచ్చేటప్పుడు కనీసం ఇరవైమంది నా వీపు తట్టారు. "ఆ వెయ్యడం రానివాడివి నువ్వేనా!" అని ఒకాయన ఫొటో తీసుకున్నాడు. అద్దాల బీరువా దగ్గర కాలేజీ ఆఫీసులో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది, చేతిలో కలం, కాగితం.

"హఫ్‌మన్ గారూ, ఎంత బాగుందండీ ఈ కథ! ఇత్తడి రేకు కొత్తది చేయిస్తాం. మీ పేరు కూడా పెడతాం. 'డ్వేన్ హఫ్‌మన్ జెర్సీ. ఇతనికి వెయ్యడం రాదని ప్రత్యర్థులు నమ్మిన నెంబరు.' బాగుంటుంది కదండీ? మరి ఆ కుట్టు ఎవరు కుట్టారో చెప్పండి, అదీ రాయిస్తాం."

నార్మా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పు అన్నట్టు చూసింది.

నేను అద్దంలోకి చూశాను. అమ్మ కుట్టు ఇంకా బిగువుగానే ఉంది, ఒక్క పోగు కూడా వదల్లేదు. ఆఖరి ఏడాదికి ముందు వేసవిలో, ఇంటికి తీసుకెళ్ళకూడని జెర్సీని దొంగతనంగా తీసుకెళ్ళాను. కొట్టం గోడకి కొట్టిన రింగులోకి రోజుకి మూడొందల బంతులు వేసేవాణ్ణి. వందకి డెబ్భై పడేవి. ఎవరైనా లెక్కపెట్టారా అంటే అమ్మ పెట్టింది, వంటింటి కిటికీలోంచి. వేసవి సగంలో కుడి చంక కింద జెర్సీ పర్రున చిరిగింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని సూది తీసుకుంది.

"రోజుకి అన్నిసార్లు చెయ్యెత్తితే చిరగకేం చేస్తుందిరా! ఎత్తు, ఇంకా ఎత్తు. నీకు వెయ్యనిచ్చే రోజు రాకపోదు. ఆ రోజుకి చిరగకుండా కుడతా."

రెండు వరసలు కుట్టింది.

ఆ అమ్మాయి కలం పట్టుకుని నిలబడే ఉంది. అమ్మ పేరు చెబితే రాస్తుంది. 'ఇతనికి వెయ్యడం రాదు' అన్న మాట కింద రాస్తుంది. మావాడు వేస్తాడు చూడండని ఊరందర్నీ పిలుచుకొచ్చిన మనిషి పేరు, ఆ మాట కింద.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "నాయనమ్మ అనే ఉండనివ్వండి."