చివరి తిప్పు

"అమ్మ తిప్పిందా?" అని హాల్లోంచి భర్త కేకేసినప్పుడు ఆమె పాకం ముందు నిలబడి మోచేత్తో చెమట తుడుచుకుంటోంది.

ఆ ఇంట్లో అదొక చట్టం. నువ్వులు ఏరి, కడిగి, ఎండబెట్టడం, చిటపటలాడేదాకా వేయించడం, బెల్లం కొట్టి, కరిగించి, వడగట్టి పాకం పట్టడం, భుజం ఊడొచ్చేలా కలపడం, అన్నీ కోడలి వంతు. సరిగ్గా దించబోయే ముందు ఆమె "అత్తయ్యా, రండి" అని పిలవాలి. అత్తగారు వంటింట్లోకి వేంచేసి, గరిటె పుచ్చుకుని ఒక్క తిప్పు తిప్పుతారు. అంతే, ఆ నువ్వుల బిళ్ళలు అత్తగారు చేసినవైపోతాయి. ఒకసారి కోడలు జ్వరంతో మంచం పడితే ఇంట్లో మిఠాయే లేదు. "ఈసారి నాకే చేయబుద్ధి కాలేదు" అన్నారావిడ, అందరితోనూ.

కాలేజీలో కెమిస్ట్రీ చదివొచ్చిన కోడలికి కాపురానికొచ్చిన కొత్తల్లోనే 'బీఎస్సీ' అని పేరు పెట్టారు. "మా బీఎస్సీకి సీసాల్లో రంగులు మార్చడం వచ్చుగానీ, పాకం మాత్రం నా చెయ్యి పడితేగానీ కుదరదు" అంటారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. బీఎస్సీ కూడా నవ్వుతుంది. నవ్వకపోతే 'మూతిముడుపుది' అని ఇంకో డిగ్రీ తగిలిస్తారు.

ఆ రోజు హాల్లో కూర్చున్నది భర్త స్నేహితుడి అక్క. సొంతంగా మిఠాయి కొట్టు నడుపుతోంది. బిళ్ళ కొరికి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"పాతకాలం మిఠాయిలు చేసేవాళ్ళు దొరకట్లేదండీ. రోజూ కొట్టుకొచ్చి చేసే మనిషి కావాలి నాకు."

వంటింట్లో బీఎస్సీ చేతిలో గిన్నె ఆగిపోయింది. ఒక తలుపు, దాని అవతల వీధి, వీధి చివర తనకోసం ఎదురుచూసే పొయ్యి. వేడి అదే, చెమటా అదే. కానీ అక్కడ పనికి మనిషి ఉంటుంది. ఇక్కడ పని ఉంటుంది, మనిషి ఉండదు.

"మనిషెందుకండీ, మా అమ్మ లేదూ!" అన్నాడు భర్త. "రేపే వచ్చి ఎలా చేయాలో చూపిస్తుంది. మా ఆవిడ తోడొస్తుంది, సంచి పట్టుకోడానికి."

కొట్టావిడ వెళ్ళాక బీఎస్సీ మెల్లగా అంది, "చేసేది నేను కదండీ?"

"ఇప్పుడు కాదన్నదెవరు? పెద్దావిడ, కాస్త సంతోషపడుతుంది. పేరుదేముందే?"

ఏమీ లేనప్పుడు ఆ లేనిదేదో నాకే ఇచ్చేయొచ్చుగా అనుకుంది. అనుకున్నవన్నీ అనే అలవాటు ఉంటే ఈపాటికి ఆమె గొంతు అరిగిపోయేది.

మర్నాడు కొట్టు వెనక వంటగదిలో అత్తగారికి కుర్చీ వేశారు. బీఎస్సీ వడగట్టి ఇచ్చిన బెల్లాన్ని వంటమాస్టరు పెద్ద మూకుట్లో మరగబెడుతున్నాడు. కాసేపటికి బుడగలు చిక్కబడి, రంగు ముదిరింది. ఇదే అదను అని బీఎస్సీ ముక్కుకి తెలిసిపోయింది.

"ఎప్పుడు దించమంటారు పెద్దమ్మగారూ?" అంది కొట్టావిడ.

అత్తగారు కోడలి వైపు చూశారు. ఇన్నేళ్ళూ పిలిస్తే వచ్చారేగానీ, ఎప్పుడు రావాలో ఏనాడూ తెలుసుకోలేదు. ఈరోజు పిలవాల్సిన మనిషి పిలవలేదు. నోటిదాకా వచ్చిన 'రండి'ని బీఎస్సీ మింగేసింది.

"ఇంకాస్త కానివ్వండి" అన్నారు అత్తగారు, దర్జాగా.

కాసేపటికి పొగ. వంటగదంతా చేదు కమురు. మాస్టరు దగ్గుతూ మూకుడు దించాడు. లోపల నల్లటి ముద్ద.

అత్తగారు తొణకలేదు. "మా బీఎస్సీ బెల్లం సరిగ్గా వడగట్టి ఉండదు. ఎప్పుడూ ఇంతే ఇది."

బీఎస్సీకి కోపం వస్తుందేమో అనిపించింది. రాలేదు. ఇన్నేళ్ళూ ఈ మాటలు పడింది ఈమె దగ్గరా అనిపించి అలసట మాత్రం వచ్చింది. పమిట బిగించుకుంది.

"మాస్టారూ, ఇంకో మూకుడు పెట్టండి."

ఈసారి గరిటె ఆమె చేతిలోనే ఉంది. పాకం చుక్కని నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళెంలోకి విసిరింది. 'టంగు'మంది. నువ్వులు పోసి కలిపింది. అలవాటు మీద అత్తగారు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపారు.

"కూర్చోండత్తయ్యా. అయిపోయింది."

చల్లారిన బిళ్ళ విరిచి నోట్లో వేసుకున్న కొట్టావిడ, కాసేపు అత్తగారినీ కోడలినీ మార్చి మార్చి చూసింది. "నిన్న మీ ఇంట్లో తిన్నది ఇదే. రేపట్నుంచి రోజూ రాగలవా అమ్మా?"

"వస్తాను." ఆయన్నడిగి చెప్తాను అనలేదని నోట్లోంచి మాట వచ్చేశాకగానీ ఆమెకే తెలియలేదు.

ఇంటి గుమ్మంలో అడుగు పెడుతూనే అత్తగారు కొడుకు ముందు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "విన్నావట్రా, నీ పెళ్ళాం రేపట్నుంచి కొలువుకెళ్తుందట!"

అతను భార్యని ఎగాదిగా చూశాడు. "నువ్వు పొద్దున్నే వెళ్ళి అక్కడ కూర్చుంటే, ఇంట్లో వంటెవరు చేస్తారు?"

బీఎస్సీ చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఎవరు చేస్తున్నారని ఊరంతా చెప్పుకున్నారో, ఆవిడే."