శశి వేగం, నాన్నమ్మ తుమ్ములు

శశి పిచర్. అంటే బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు. పదహారేళ్ళకే జట్టులో వాడంత వేగంగా విసిరేవాడు లేడు. ఆ వేగం ఎంతో వాడి నాన్న మహీధర్ సింగపూర్‌లోని బిషాన్‌లో తమ లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఆ ఆదివారం జపాన్ నుంచి ఒక కోచ్ వస్తున్నాడు. నచ్చితే వాణ్ణి అక్కడి స్కూల్లో చేర్చుకుని తీసుకుపోతాడు.

నాన్నమ్మ తారాదేవికి వారం నుంచి నిద్ర లేదు. పంపొద్దంటే ఎవరూ వినరు. తుమ్మితే వింటారు.

అందరూ చెప్పులు వేసుకుంటుండగా ఆవిడ చెంగులో దాచిన మిరియాలపొడి వాసన చూసింది. హాచ్చి!

“ఒంటి తుమ్ము!” మహీధర్ సోఫాలో కూలబడ్డాడు. బ్యాంకులో పెద్ద ఆఫీసరే కానీ తుమ్ముకి జడుస్తాడు. “శశీ, కూర్చో. మంచినీళ్ళు తాగి బయల్దేరదాం.”

“డాడీ, టాక్సీ వెయిటింగ్ లా!” అన్నాడు శశి సింగపూర్ యాసలో.

తాగారు. లేచారు. హాచ్చి!

“రెండయ్యాయి, ఇక శుభమే,” అంది కోడలు భువన, అత్తగారి చెంగు వైపు అదోలా చూస్తూ.

హాచ్చి!

“మూడు,” అన్నాడు మహీధర్ నీరసంగా, మళ్ళీ కూర్చుంటూ.

ఈలోగా టాక్సీ వెళ్ళిపోయింది. “మీరూ రండి అత్తయ్యా, మీ తుమ్ములు మా కళ్ళముందే ఉంటే మంచిది,” అని భువన ఆవిడనీ ట్రైన్ ఎక్కించింది.

మైదానం చేరేసరికి మిగతా పిల్లలంతా విసిరేశారు. శశికి చెయ్యి వేడెక్కించుకునే టైమ్ లేదు. ఉన్నపళంగా బలం చూపిస్తే భుజం పట్టేస్తుందని, నెమ్మదిగా, బంతి పట్టేవాడు గ్లవ్ ఎక్కడ పెడితే అక్కడికే వేశాడు. వేగం కొలిచే మిషన్‌లో అంకె చూసి మహీధర్ తల పట్టుకున్నాడు. తారాదేవి మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది.

కోచ్ నేరుగా శశి దగ్గరికే వచ్చి ఇంగ్లీషులో మాట్లాడాడు.

“ఈ వయసులో వేగంగా విసిరేవాళ్ళు నాకు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతారు. వాళ్ళు ముందే ఒళ్ళు ఎదిగిన పిల్లలు. ఇరవై దాటాక చాలామంది మళ్ళీ కనపడరు. నువ్వు చెయ్యి కాపాడుకున్నావు, అనుకున్నచోట వేశావు. వేగం తర్వాత వస్తుంది. నువ్వు నాకు కావాలి. కానీ మీ ఇంటికి పెద్దయిన ఈవిడ ఒప్పుకోకుండా తీసుకెళ్ళను.”

శశి ఆ చివరి మాట నాన్నమ్మకి తెలుగులో చెప్పాడు. తారాదేవి గొంతు సవరించుకుంది. “పంపనని చెప్పరా. నువ్వు పొద్దున్నే లేవవనీ, నీకు చేప వాసన పడదనీ, నేను పక్కన లేకపోతే అన్నం తినవనీ కూడా చెప్పు.”

శశి వినయంగా తలూపి కోచ్ వైపు తిరిగాడు. “మా నాన్నమ్మకి చాలా సంతోషమట. తీసుకెళ్ళమంటోంది,” అన్నాడు ఇంగ్లీషులో.

మహీధర్ దగ్గు మింగాడు. భువన ఆకాశంలోకి చూసింది. లైబ్రరీ పుస్తకాలతో కుస్తీపట్టి ఎవరికీ చెప్పకుండా తనంతట తానే ఇంగ్లీషు నేర్చుకున్న తారాదేవికి ప్రతి ముక్కా అర్థమైంది. ఒక్క “నో” అంటే చాలు. నోరు తెరిచింది. మనవడు చెమట చేతుల్లో బంతిని నలుపుతూ ఆవిడ వంకే చూస్తున్నాడు.

“అక్కడ చలి ఎక్కువేమో అడుగు,” అంది. “ఈసారైనా నేనన్నది అన్నట్టు చెప్పి ఏడు.”