గుర్రం, జుట్టు, ఉల్లిగడ్డ

కబాయో అంటే గుర్రం, కబేయో అంటే జుట్టు, సెబోయా అంటే ఉల్లిగడ్డ, లేక జుట్టే గుర్రమా, ఇప్పుడే కదా లాలాగూడ నుంచి వచ్చే ఆటోలో పదిసార్లు అనుకున్నాను, తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడినప్పుడు కూడా మూడూ సరిగ్గానే ఉన్నాయి, యూనివర్సిటీ గేటు దాటి ఈ మొదటి అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చున్నానో లేదో ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి, లోపల మనీషా మేడం గొంతు వినిపిస్తోంది, ఆమె ఎదురుగా శ్రావణ్ టకటకా చెప్పేస్తున్నాడు, వాడి తరువాత నేనే, పద్మశ్రీ, స్పానిష్ డిప్లొమా, నోటి పరీక్ష రెండోసారి, ఇది కూడా పోతే సీటు పోయినట్టే, మూడో అవకాశం అడగనని ఆఫీసులో సంతకం కూడా పెట్టించుకున్నారు, రాత పరీక్షలో క్లాసుకే ఫస్టు వచ్చిన దాన్ని, నోరు తెరవమంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది, ఈ భాష లేకుండా రేపటినుంచి పొద్దున్నే ఎందుకు లేవాలో కూడా నాకు తెలియదు.

పోయినసారి మేడం ఎలా ఉన్నావు అని అడిగారు, చాలా తేలిక ప్రశ్న, కన్సాదా అంటే అలసిపోయాను, అది అనబోయి కసాదా అన్నాను, అంటే నాకు పెళ్ళయింది, మేడం పక్కన పరీక్షకు కూర్చున్న సారు ముసిముసిగా నవ్వి ఎప్పుడయింది, మాకు భోజనాలు లేవా అన్నారు, ఆయన సరదాకే అన్నారు, నాకు మాత్రం అక్కడితో తలుపులన్నీ మూసుకుపోయాయి, ఆ తరువాత పది నిమిషాలు టేబుల్ మీద పేపర్‌వెయిట్ చూస్తూ కూర్చున్నాను, ఇంటికొచ్చి ఈ నోటుబుక్ మొదలుపెట్టాను, పోలిక ఉన్న మాటలన్నీ పక్కపక్కన, నల్ల సిరాతో ఒకటి, ఎర్ర సిరాతో ఇంకొకటి, ఒంబ్రే మనిషి, ఆంబ్రే ఆకలి, ఒంబ్రో భుజం, చూడండి ఎంత విచిత్రమో, నోట్లో గాలి ఒక్క నలుసంత పక్కకు జరిగితే మనిషి ఆకలైపోతాడు, ఇంకో నలుసు జరిగితే ఆ ఆకలే భుజమైపోతుంది, నాకు నిజానికి ఒళ్ళు మండాలి, మండదు, జలదరిస్తుంది, సముద్రాల అవతల ఎక్కడో మూడేళ్ళ పిల్ల నోటినిండా అన్నం పెట్టుకుని కూడా ఈ మూడింటినీ తప్పు లేకుండా అంటుంది, దానికి నోటుబుక్ లేదు, ఎర్ర సిరా లేదు, ఎవరు చెప్పారు దానికి, చెవిలో ఎవరు కూర్చుని వేరు చేసి పెడుతున్నారు, తలచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

పొద్దున ఇదే నోటుబుక్ పట్టుకుని వంటింటి గడపలో గొణుగుతున్నాను, అమ్మ టిఫిను కడుతోంది, నాయిన డ్యూటీకి చొక్కా తొడుక్కుంటూ వచ్చి ఏంది బిడ్డా, గట్ల గొణుగుతున్నవ్, జరమొచ్చిందా అన్నాడు, మా నాయిన పరుశురాం రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళుగా ఒకటే పని చేస్తున్నాడు, పొడుగు కర్ర ఉన్న సుత్తి పట్టుకుని రైలు డబ్బాల వెంట నడుస్తూ చక్రాన్నీ స్ప్రింగునూ ఒక్కొక్క దెబ్బ కొట్టి ఆ చప్పుడు వింటాడు, పగులు ఉంటే చప్పుడులో తెలుస్తుందట, ఎవరైనా అడిగితే మా నాన్నకు రైల్వేలో ఉద్యోగం అని మాత్రమే చెబుతాను, సుత్తి సంగతి మింగేస్తాను, ఎందుకు మింగేస్తానో నాకు తెలుసు, సిగ్గు, ఒప్పుకోవడానికి ఇంకా సిగ్గు.

నోటుబుక్ చూపించాను, స్పానిష్ సంగతి ఆయనకేం తెలుసు, ఎర్ర గీతలూ నల్ల గీతలూ చూసి ఇయి రెండురెండు పక్కపక్కన ఎందుకు పెట్టినవ్ అన్నాడు, కలవకుండ ఉండాలని అన్నాను, ఆయన నవ్వాడు, పక్కన పెడితేనే గద బిడ్డా కలిసేది, నేను కొత్తగ చేరినప్పుడు మా మేస్త్రి ఎంకన్న ఉండె, ఆరు నెలలు నాతోని మంచి చక్రాలే కొట్టిపిచ్చిండు, పగిలిందెట్ల మోగుతదో ఒక్కసారి చూపియ్యన్నా అంటే చూపియ్యలే, దాన్ని నువ్వు దేవులాడకు, మంచి సప్పుడు చెవుల నిండని, చెడ్డది వచ్చిననాడు అదే నిన్ను ఆపుతది అన్నడు. మరి ఆపిందా నాయినా అన్నాను. రెండేండ్లకు ఆపింది, ఒకనాడు పొద్దుగాల కొట్టుకుంట పోతున్న, ఒక చక్రం కాడ కాళ్ళు ఆగినయ్, ఎందుకాగినయో నాకే తెల్వదు, మల్ల కొట్టిన, పెద్దసార్లు మిషన్ తెచ్చి చూస్తే లోపల ఎంటికంత సన్నటి పగులున్నది, గా డబ్బల డెబ్బై మంది ఎక్కుతరు బిడ్డా. అంతే, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు, అమ్మ నేను నోరు తెరుచుకుని కూర్చోవడం చూసి ఇడ్లీ సల్లారుతది తిను అంది, పుట్టినప్పటినుంచి ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ మాట ఆయన ఇప్పటిదాకా చెప్పలేదు, నేను అడగలేదు.

అయినా భయం ఊరుకోదు కదా, ఆటో ఎక్కగానే మళ్ళీ నోటుబుక్ తెరిచాను, ఇదిగో ఇప్పుడు మూస్తున్నాను, సంచిలో అడుక్కి తోసేస్తున్నాను, మంచి చప్పుడు నా చెవుల్లో ఎంత ఉంది, ఉంది, ఏడాదిగా మేడం పాఠాలు ఉన్నాయి, అమ్మ కూరగాయలు తరుగుతుంటే ఫోన్లో పెట్టుకున్న స్పానిష్ కథలు ఉన్నాయి, సగం అర్థం కాకుండానే విన్నాను, దండగ అనుకున్నాను, శ్రావణ్ బయటికొచ్చి పో అని చెయ్యి ఊపాడు, లేచాను.

లోపల అదే పేపర్‌వెయిట్, అదే సారు, మేడం స్పానిష్‌లో అడిగారు, మీ నాన్నగారు ఏం చేస్తారు, ఈసారి ఏమీ మింగలేదు, మా నాయిన వర్క్‌షాపులో పని చేస్తాడు, దేనితో అంటే అమరీయోతో అన్నాను, అని ముందుకు వెళ్ళబోయాను, వెళ్ళలేకపోయాను, మేడం కనుబొమ్మ కదలలేదు, సారు నవ్వలేదు, ఎవరూ ఏమీ అనలేదు, నాకే ఎక్కడో బోలుగా మోగింది, అమరీయో అంటే పసుపుపచ్చ, మా నాయిన పసుపుపచ్చతో పని చేస్తాడా, కాదు కాదు, మార్తీయో, సుత్తి, అన్నాను, నేనే ఫక్కున నవ్వాను, ఇక ఆగలేదు, చక్రం, దెబ్బ, చెవి, పగులు, డెబ్బై మంది, అన్నీ చెప్పాను, ఇంకో మూడు తప్పులు దొర్లాయి, రెండు నేనే పట్టుకున్నాను, ఒకటి మేడం పట్టుకున్నారు, చివరికి ఆవిడ పెన్ను పక్కన పెట్టి తెలుగులోకి వచ్చేశారు, నీ సీటు ఎక్కడికీ పోదులేమ్మా, నేను నోరు తెరవకముందే నువ్వు ఆగావు చూడు, దానికోసమే ఏడాదంతా కాచుకుని కూర్చుంటాను, వెళ్ళు, వెళ్ళి ఏమన్నా తిను.

తినలేదు, తార్నాక దాకా నడిచాను, మెట్రో స్తంభాల నీడలో నిలబడి నాయినకు ఫోన్ చేశాను, వెనక ఇనుము మోతలు, పాసైనవా బిడ్డా అని అరిచాడు, అయిన నాయినా, తప్పు చెప్పిన గని, ఎవ్వలు చెప్పకముందే నాకే ఇనబడ్డది, అని నేనూ అరిచాను, ఆయన మోతలకు దూరంగా జరిగినట్టున్నాడు, నీకే ఇనబడ్డదా, గట్లయితే ఇంక నీకు పనొచ్చినట్టే, అన్నాడు, ఫోన్ పెట్టేశాడు, బస్సులు పోతున్నాయి, మౌలాలి మౌలాలి అని ఆటోవాళ్ళు పిలుస్తున్నారు, నేను మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయాను, ఒక్కరోజు మూడు తప్పులు విన్నందుకే నాకు గుండె ఇంత కొట్టుకుంటోంది, ఆయన ముప్పై నాలుగేళ్ళు, ఒక్కొక్క చక్రానికీ, తనకు తెలియని మనుషులకోసం, రోజూ ఇలా చెవి ఒగ్గి నడిచాడు, మా నాయిన ఏం పని చేస్తాడని ఇంకెవరైనా అడిగితే, ఏ భాషలో అడిగినా సరే, వింటాడు అని చెబుతాను.