తెరిచే హక్కు ఇద్దరికే

కాలం చేసిన మామగారు గీసిన ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ కుట్టుషాపులోని పాత కంప్యూటర్లో, ఒకే ఫోల్డరులో ఉన్నాయి. కొత్త కంప్యూటర్ నుంచి కోడలు ఎన్నిసార్లు తెరవబోయినా అనుమతి లేదనే వస్తోంది. పాతది రేపోమాపో ఆగిపోయేలా ఉంది. ఆగితే ఆయన చేతిపనంతా దానితోపాటే పోతుందని అత్తగారికి ఒకటే బెంగ.

మెకానిక్ పాతదాని ముందు కూర్చుని వెతికాడు.

"దీన్ని తెరిచే హక్కు ఇద్దరికే ఉందమ్మా. ఒకరు సారు, రెండోవారు మీరే."

అత్తగారు వంగి కూడబలుక్కుని చదివింది. తన పేరే.

"అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు కదయ్యా!"

"మామయ్య ముందే సీటు పట్టి ఉంచారు, మీరే ఆలస్యంగా వచ్చారు," అంది కోడలు.

"మీ పేరుకి పాస్‌వర్డ్ లేదమ్మా. అందుకే పక్క కంప్యూటర్ నుంచి రానివ్వట్లేదు. ఒకటి పెట్టండి, ఎవరికీ చెప్పకండి," అని మెకానిక్ మొహం తిప్పుకున్నాడు.

ఆమె ఒంటివేలితో వెతుక్కుంటూ పాతదాంట్లో ఒకసారి, కొత్తదాంట్లో ఒకసారి కొట్టింది. డిజైన్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

"ఏం పెట్టారత్తయ్యా?"

"చెప్పొద్దన్నాడుగా!"

నలభై ఏళ్ల కాపురంలో ఆయన్ని ఆమె ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ రెండుసార్లు పిలిచింది.