ఏడుకొండలు మీసం తీయించిన నట్టు

నేను ఒక నట్టును. చిన్నాచితకా నట్టును కాదు, పాతకాలపు కారుకు ముందువైపు ఎడమ చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే పెద్ద నట్టును. నన్ను ఎర్రగా కాల్చి, ఆరు మూలలూ పదునుగా తీర్చి, నెత్తిన ‘ఎల్’ అని అచ్చు గుద్ది పంపారు. అంటే నాది ఉల్టా మర అన్నమాట. లోకంలో నట్లన్నీ ఎడమకు తిప్పితే ఊడతాయి, నేను కుడికి తిప్పితేనే ఊడతాను. చక్రం తిరిగే జోరుకు వదులు కాకూడదని నన్నలా పుట్టించారు. ఆ అక్షరమంటే నాకెంత గర్వమో!

దాన్ని పూడ్చేసినవాడు విజయవాడ ఆటోనగర్ మెకానిక్ ఏడుకొండలు. అప్పటికింకా పడుచువాడు. చక్రం మూత సరిగ్గా కూర్చోవడం లేదని విసుగెత్తి, సుత్తితో నా మూలలు చితక్కొట్టాడు. చేసిన ఘనకార్యం కనబడకుండా నల్లరంగు దట్టంగా పూశాడు. అక్షరం ఆ రంగు కింద మునిగిపోయింది. ఒరేయ్, ఎప్పటికైనా నా దగ్గరికి రాకపోతావా, నీ పొగరు దించకపోతానా అని పళ్ళు నూరుకున్నాను. తరవాత కారు మూలపడింది. తుప్పు పట్టినా నా పగ మాత్రం చెక్కుచెదరలేదు.

చివరికి వచ్చాడు! కారు యజమాని దమయంతమ్మగారు, పోయిన భర్త నడిపిన బండిని మళ్ళీ రోడ్డెక్కించాలని అతని షెడ్డుకే తెచ్చారు. ఏడుకొండలుకు తల నెరిసినా మీసం మాత్రం మెలితిరిగి ఉంది. తిరుపతిలో గుండు చేయించుకున్నప్పుడు కూడా దేవుడికివ్వని మీసమట అది. కుడి చక్రం నట్టు, సిగ్గులేని జన్మ, ఒక్క పట్టుకే ఊడి వచ్చేసింది. దాంతో మనవాడికి కళ్ళు నెత్తికెక్కాయి.

“ఇదెంతమ్మగారూ! టీ తాగి వచ్చేలోపు లాగేస్తా. పొద్దుగూకేలోపు ఇది రాలేదంటే ఈ మీసం తీయించేస్తా!” అని షెడ్ల వరసంతా వినేలా తొడగొట్టాడు.

ఆహా, నాక్కావలసిందీ అదే!

కిరసనాయిలు పోశాడు. గ్యాసు మంట పెట్టాడు. స్పానరుకు ఇనపగొట్టం తగిలించి వేలాడాడు. అంతా ఎడమకే! లాగినకొద్దీ నేను ఇంకా బిగుసుకున్నాను. “దీని దుంపతెగ!” అని తిట్టాడు. తిట్టరా, ఇంకా తిట్టు!

“ఏం కొండలన్నా, సెలూను సాయిబుకి కబురు పెట్టమంటావా?” అంటూ పక్క షెడ్డువాళ్ళు ఆట పట్టించారు. అతని మొహం మాడిపోయింది, నా కడుపు నిండింది.

పొద్దుగూకింది. “పోనిద్దూ, పంతాలకు పోతారటయ్యా!” అన్నారు దమయంతమ్మగారు.

“మాటంటే మాటేనమ్మగారూ,” అని వెళ్ళాడు. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తిరిగి వచ్చాడు.

ఈలోగా ఆవిడ, మంటకు పెచ్చులు లేచిన నా రంగును గుడ్డతో తుడిచారు. “ఇదేమిటయ్యా, దీనిమీద ఎల్ అని ఉంది?”

ఏడుకొండలు వంగి చూశాడు. అలాగే చతికిలబడ్డాడు. “ఉల్టా మర! ఈ రంగు పూసింది నేనేనమ్మగారూ,” అన్నాడు. కుడికి తిప్పాడు. నేను ఒక్కసారి కీచుమని ఊడి వచ్చాను.

చితికిన మూలలతో ఇక పనికిరానని నా చోట కొత్త నట్టు బిగించారు. కారు వెళ్ళిపోయింది. నేను అతని బల్లమీద తుక్కు డబ్బాలో ఉన్నాను. అలవాటుగా మీసం మీదికి వెళ్ళిన చెయ్యి ఆగినప్పుడల్లా నన్ను తీసి, మూలలు తడుముతూ, “ఇప్పటికైనా నీ కసి తీరిందా?” అని అడుగుతాడు.

నీ మీసం మళ్ళీ మొలుస్తోందిరా. నా మూలలు మొలవవు. తీరలేదు.