చెంపకి ఆనించిన కట్టె

మా మామయ్య కట్టెని చెంపకి ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు. "చేతివేళ్లని నమ్మకు అమ్మలూ, చెంపకే బాగా తెలుస్తుంది" అనేవాడు. సెలవులు వస్తే చాలు, నన్ను అడవికి తీసుకెళ్లి ముడులు వేయడం, కొమ్మలతో గూడు కట్టడం, వానలో నిప్పు రాజేయడం నేర్పేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఆయనకీ మా నాన్నకీ మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. ఒకసారి గేటు దాకా వచ్చి నన్ను పిలిచాడు. నాన్నకి భయపడి కిటికీ తెర వెనకే నిలబడిపోయాను. కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన పోయాడన్న కబురే వచ్చింది. ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. ఆ గేటు దగ్గరికి పరిగెత్తాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇరవై ఏళ్లు బీమా ఆఫీసు రికార్డు గదిలో పాత ఫైళ్లు కట్టాను. నిరుడు ఆఫీసువాళ్లు మమ్మల్నందరినీ ఒక అడవి శిబిరానికి తీసుకెళ్లారు. అక్కడ టార్పాలిన్ తాడుకి నా చేతులు వాటంతటవే ఒక్క లాగుకి ఊడే ముడి వేసేశాయి. శిబిరం నడిపే మేడం వంగి చూసింది.

"ఎవరు నేర్పారండీ?"

ముడి ఒక్క లాగుతో విప్పి, మళ్లీ వేసి చూపించాను. ఆ వారమే ఆవిడ దగ్గర శిక్షకుల కోర్సులో చేరాను.

"లైటర్ లేకపోతే స్టవ్వే వెలిగించలేవు, అడవిలో ఏం చేస్తావ్?" అన్నాడు మా ఆయన. ఆదివారాలు వంట మాత్రం నోరెత్తకుండా తనే చేసుకున్నాడు, పాపం.

చివరి పరీక్ష నాడు పొద్దుటిదాకా వాన. మూడు అగ్గిపుల్లలు ఇచ్చారు, అరగంటలో డబ్బాడు నీళ్లు మరగాలి. నెగ్గితే శిబిరంలోనే ఉద్యోగం, తప్పితే మళ్లీ రికార్డు గదే గతి. కంగారులో కింద పడున్న పుల్లలే ఏరాను. మొదటి అగ్గిపుల్ల ఉత్త పొగ. రెండోదీ అంతే. పక్కన పాతికేళ్ల కుర్రాడి డబ్బాలో నీళ్లు అప్పుడే సలసలమంటున్నాయి. నా తొందరకి నన్ను నేనే తిట్టుకున్నాను. తడినేల మీద పడ్డ పుల్ల మామయ్య ఏనాడైనా ముట్టుకున్నాడా?

లేచి వెళ్లి, చెట్టునే ఎండి వేలాడుతున్న కొమ్మ ఒకటి విరిచాను. తడి బెరడు ఒలిచి చెంపకి ఆనించాను. చల్లగా లేదు. కత్తితో సన్నగా చెక్కి మూడో అగ్గిపుల్ల గీశాను. అంటుకుంది. ఇంకో నిమిషంలో టైమైపోతుందనగా నీళ్లు మరిగాయి.

"కళ్లల్లోకి పొగ వెళ్లిందా?" అంది మేడం.

"అవునండీ" అన్నాను.

ఇప్పుడు ఆ శిబిరంలోనే పని నాకు. వచ్చినవాళ్లందరిచేతా కట్టె చెంపకి ఆనింపజేస్తాను. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకుంటారు. ముందు నేనే చేసి చూపించాలి కదా. కట్టె పొడిదేనని తెలిశాక కూడా నేను వెంటనే తీయను. "వచ్చేశాను మామయ్యా" అని మనసులో అనుకున్నాకే కింద పెడతాను.